అవ్వ చెప్పిన మాలు లెక్క

ముంబయి ఫాక్‌లాండ్ రోడ్డు వెనక గల్లీలో, వరస గదుల పాత చాల్ ఒకటి కూల్చి టవర్ కడుతున్నారు. అటు నడిచినప్పుడల్లా తడి సిమెంటు వాసన వచ్చి నాకు మూడో తరగతి గది గుర్తొస్తుంది. ముందు ఆ వాసన హాయిగానే ఉంటుంది, రెండడుగులు వేశాకే నడక వేగం పెంచి దాటిపోతాను.

ఎనభైల్లో కామాటిపురాలోని మా తెలుగు బడికి పద్యాలు వినిపించమని ఒక టేప్ రికార్డర్ ఇచ్చారు. మిగతా టీచర్లు దానికి గుడ్డ కప్పి బీరువాలో దాచి, దసరాకు ఇంత కుంకుమ పెట్టి, మళ్లీ తాళం వేసేవారు. టీచరమ్మను ముంబయిలో బాయి అంటాం. మా సరోజ బాయి మాత్రం దాన్ని రోజుకొకరి చొప్పున మా ఇళ్లకే పంపింది. ఇంట్లో పెద్దవాళ్లు తమ పనిలో వేసుకునే లెక్క ఏదైనా వాళ్ల నోటితోనే చెప్పించుకు రావాలి. మర్నాడు ఆ టేపు వేసి, సరిగ్గా జవాబు వచ్చేముందు టక్కున ఆపి, "ఇప్పుడు మీరు చెప్పుర్రి" అనేది. లెక్కలంటే చలిజ్వరం వచ్చే మాలాంటివాళ్లం కూడా పక్కింటి తాత గొంతు వినబడేసరికి ఎగబడి చెప్పేవాళ్లం. మిషను ఎక్కడ ఆపాలో తెలియడమే బాయి విద్య అని ఇప్పుడనిపిస్తుంది.

నా వంతు వచ్చిన మధ్యాహ్నం, మా చాల్ గదుల ముందున్న గ్యాలరీలో ఆరేసిన చీరల కింద మా నాయనమ్మను కూచోబెట్టాను. ఆమెను అవ్వ అనేవాళ్లం. పాలమూరు నుంచి వచ్చి ఈ ఊళ్లో గమేలా అనే ఇనప తట్టలో, సిమెంటు ఇసుక కలిపిన మాలు ఎన్ని మేడలకు మోసిందో ఆమెకే తెలియదు. చుట్ట ఆర్పి, కొంగు సర్దుకొని, "గిండ్ల మాట్లాడితె ఎంత దూరం ఇనవడ్తది?" అని అడిగింది. "శానా దూరం" అన్నాను గొప్పగా.

"ఒక్క గమేలా సిమెంటుకు నాలుగు గమేలాల ఇసుక. పిడికిట్ల వట్టి ఇడిస్తె ఉండ ఇరగొద్దు. గప్పుడే గోడ నిలుస్తది" అంది. నేను ఆపే మీట నొక్కేలోగా అదే గొంతుతో, "గా ఇసుక కుప్ప మీదనే నా పెద్దబిడ్డను పండవెట్టిన. జరముండె. మాలు గలిపొచ్చి లేపితె లేవలే" అంది. తర్వాత మిషను మీదికి వంగి ఆ పిల్లను పేరుపెట్టి పిలిచింది, ఒక్కసారే, ఆడుకునే పిల్లల్ని అన్నానికి పిలిచినట్టు.

నాకు భయమేసింది. రేపు బాయి సరిగ్గా అక్కడే టేపు ఆపి మమ్మల్ని చెప్పమంటే, అందరూ నావైపు చూస్తే? అవ్వ నీళ్లకు వెళ్లగానే టేపు వెనక్కి తిప్పి, ఎర్ర మీట నొక్కి, ఆ మాటల మీద నాలుగో ఎక్కం చదివేశాను.

మర్నాడు ఇసుక లెక్క అందరికీ వచ్చింది. బాయి కలిపి తెచ్చిన మాలును వరసగా పిడికిట పట్టి చూశాం, చేతులు చురచురలాడినా కడుక్కోబుద్ధి కాలేదు. ఆ వెంటనే నా ఎక్కం వినబడితే పిల్లలు నవ్వారు, బాయి నవ్వలేదు.

"ఈడ ఇంకేమన్న ఉండెనా?"

"ఏం లేదు బాయి."

ఇంటికెళ్లగానే అవ్వ, "అంత ఇనవడ్డదా?" అని అడిగింది. "ఇనవడ్డదవ్వా" అన్నాను. ఆమె తృప్తిగా చుట్ట ముట్టించుకుంది. ఆ ముఖం తలుచుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

రెండేళ్లకు అవ్వ పోయింది. పోయిన పెద్దలకు విస్తర్లు వేసి పేరుపేరునా పిలిచే పెత్రమాస నాడు, నాన్న ఒక చిన్న విస్తరి పక్కకు వేసి, "ఇది నేను పుట్టకముందే పోయిన మా అక్కకు. అమ్మ ఏటా వెట్టేది గని పేరు పైకి అనకపోయేది. నీకేమన్న చెప్పిందా బిడ్డా?" అన్నాడు.

"లేదు నాయినా" అన్నాను. ఒక్కసారి విన్న ఆ పేరును అప్పటికే మరిచిపోయాను. చెరిపిన సంగతి మాత్రం చెప్పలేదు, ఆయన పోయేదాకా చెప్పలేదు.

బడి ఎప్పుడో మూతబడింది, బాయి ఏమైందో తెలియదు, మా చాల్ పిల్లలకు మరాఠీయే ఇంటి భాష. ఇప్పుడు పెత్రమాసకు విస్తర్లు వేసేది నేనే. తాతను, అవ్వను, నాన్నను పిలుస్తాను. చిన్న విస్తరి ముందుకొచ్చేసరికి, ఎంత పెనుగులాడినా, నా నోటికి నాలుగో ఎక్కమే వస్తుంది.