లేని పిన్ని, ఉన్న పిన్ని

ఉద్యోగం దొరకడం ఒక ఎత్తు, తల దాచుకోవడానికి చోటు దొరకడం ఇంకో ఎత్తు. అద్దాలమ్మాయికి మొదటిది తేలిగ్గానే దొరికింది. నగరం నడిబొడ్డున పెద్ద కళ్ళద్దాల షాపు. వచ్చినవాళ్ళని అద్దం ముందు కూర్చోబెట్టి, ముక్కుకీ చెవులకీ కుదిరే ఫ్రేము పెట్టి చూపించడం ఆమె పని. చెయ్యి మెత్తన, మాట ఇంకా మెత్తన. "ఈ ఫ్రేములో మీ మొహం ఎంత కళగా ఉందో చూడండి" అని ఆమె అన్నాక, పుట్టు చిరాకు మనిషైనా ఓసారి అద్దంలోకి చూసి మురిసిపోవాల్సిందే. అందుకే ఆ పేరు వచ్చింది. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ అక్కర్లేకపోయింది.

రెండోదే కొరకరాని కొయ్య అయింది. షాపు చుట్టుపక్కల గది అడిగితే, జీతమంతా అద్దెకిచ్చి నువ్వు గాలి భోంచెయ్యమన్నట్టు మాట్లాడారు ఇళ్ళవాళ్ళు. హాస్టలంటారా, అక్కడ మంచానికీ మంచానికీ మధ్య చెప్పులు విడవడానికి కూడా చోటు లేదు, అదీ ఆమెకి అందలేదు. సరేనని రైలెక్కి ఒక స్టేషను అవతల దిగి అడిగింది. ఆ తర్వాత ఇంకో స్టేషను. స్టేషను స్టేషనుకీ అద్దె దిగుతూ వచ్చింది, దాంతోపాటు గోడల మీద సున్నమూ రాలుతూ వచ్చింది. చివరికి పట్టాలు ఆగిపోయే చోట, పాత టైర్లు బాగుచేసే షెడ్డు పైన, ఒక గది కనబడింది. మెట్లెక్కుతుంటేనే కాలిన రబ్బరు వాసన.

"గాలి రాదా అండీ?" అనడిగింది.

"కిటికీ తెరిస్తే రైళ్ళ మోత వస్తుంది, మూస్తే ఉక్కపోత వస్తుంది. ఏది కావాలో నువ్వే చూసుకో" అంది ఇంటావిడ. "ఇంకో మాట. గదిలో ఇంకొకావిడ ఉంది. అద్దె చెరి సగం."

ఆ ఇంకొకావిడే పిన్ని. నిజం పిన్ని కాదు. యాభై దాటిన మనిషి, వెనకా ముందూ ఎవరూ లేరు, లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసీ చేసీ అరచేతులు గట్టిపడిపోయాయి. మొదటి రోజు అద్దాలమ్మాయి లేచేసరికి ఆమె వంతు నీళ్ళు కూడా పట్టి, బకెట్టు మీద మూత పెట్టి ఉంది. "ఎందుకండీ మీకు శ్రమ?" అంటే, "నాకు అండీలు గిండీలు పెట్టకు, ఒళ్ళు జలదరిస్తుంది" అంది ఆ మనిషి. అంతే, పిన్నీ అన్న పిలుపు దానంతటదే నోటికొచ్చింది. వారం తిరక్కుండా ఒకే గిన్నెలో కూర, ఒకే దువ్వెన, ఒకరి మీద ఒకరు కసురుకోవడాలు.

ఇక్కడే ఒక తిరకాసుంది, అది చెప్పకపోతే కథ నడవదు. ఉద్యోగంలో చేరేటప్పుడు మేనేజరు ముందుగానే అడిగాడు. "ఎక్కడుంటున్నావమ్మా? దూరాన్నించి వచ్చేవాళ్ళని మేం పెట్టుకోం. రైలు ఆగిపోయిందంటారు, వాన పడిందంటారు."

"ఇక్కడే సార్, సిటీలోనే. మా పిన్నివాళ్ళింట్లో" అనేసింది. అప్పటికి ఆమెకి గదీ లేదు, పిన్నీ లేదు. వాళ్ళమ్మకి అసలు తోబుట్టువులే లేరు!

అబద్ధం ఆడితే అతికినట్టుండాలి అంటారు కదా. అతికించడానికి రోజుకో ముక్క తేవాల్సి వచ్చింది. ఆ లేని పిన్నికి ఫ్లాటు వచ్చింది, ఫ్లాటుకి లిఫ్టు వచ్చింది, బాల్కనీలో కుండీలు వచ్చాయి, గురకపెట్టే బాబాయి కూడా వచ్చాడు. మధ్యాహ్నం డబ్బా తెరిస్తే బిల్లు కౌంటరమ్మాయి మెడ సాచేది. "అబ్బ, మీ పిన్ని చేతి వంటే వంట!" అనేది. ఆ వంట మాత్రం ఉన్న పిన్నిదే. పేరు లేనిదానికి, చాకిరీ ఉన్నదానికి.

షూస్ సంగతి కూడా చెప్పాలి. గది నుంచి స్టేషనుకి దారంతా బురద. ఆమె హవాయి చెప్పులతో వచ్చి, షాపు దగ్గరి స్టేషన్లో దిగాక, నల్లబూట్లు కవర్లోంచి తీసి వేసుకుని, చెప్పులు అదే కవర్లో చుట్టి సంచి అడుగున దాచేది. పైన పటారం, లోన లొటారం. అయినా అంతవరకూ అందులో ఎవరికీ నష్టం లేదు, పాపం అనుకుని ఊరుకోవచ్చు.

ఇంతలో లాండ్రీ మూతబడింది. కొన్నాళ్ళు తిరిగి తిరిగి, ఎవరో కాంట్రాక్టరు పుణ్యమా అని, పిన్ని ఒక షాపులో ఊడ్చి తుడిచే పని సంపాదించుకుని ఎగురుకుంటూ గదికొచ్చింది.

"ఒసేయ్, ఎక్కడో చెప్పుకో చూద్దాం! మీ కళ్ళద్దాల కొట్టే! ఇక ఇద్దరం ఒకే బండిలో పోవచ్చు, ఒకే బండిలో రావచ్చు!"

అద్దాలమ్మాయి మొహం పాలిపోయింది. పిన్ని కళ్ళు పెద్దవి, కనిపెట్టేసింది. "ఏమైందే?"

అంతా చెప్పింది. ఫ్లాటు చెప్పింది, లిఫ్టు చెప్పింది, కుండీలు చెప్పింది. గురకపెట్టే బాబాయి దగ్గరికొచ్చేసరికి పిన్ని పొట్ట పట్టుకుని నవ్వింది. "నాకు మొగుణ్ణి కూడా చూసిపెట్టావన్నమాట! ఓసి పిచ్చిమొహమా, ఇంతేనా? గేటు దాటితే నువ్వెవరో నేనెవరో. సరేనా?"

సరే అంది. ఉద్యోగం పోతుందన్న భయం నిజమే, కాదనను. కానీ ఆ భయం సగమే. చీపురు పట్టుకున్న మనిషి తన మనిషని నలుగురికీ తెలియడం, అదీ మిగతా సగం. ఆ సగం పిన్నికి చెప్పలేదు. చెప్పకపోయినా పిన్నికి తెలియలేదనుకోవడానికి లేదు.

అప్పట్నించి ఒకే రైలెక్కినా వేరే వేరే తలుపుల్లోంచి దిగేవారు. ముందు అద్దాలమ్మాయి టకటకా నడిచేది, వెనక ఎడంగా పిన్ని. ఇద్దరి డబ్బాల్లోనూ ఒకే కూర కదా, ఎవరి కంటైనా పడుతుందని పిన్ని మెట్ల కింద, చీపుర్లు పెట్టే మూల, గోడవైపు తిరిగి తినేది. ఈ ఏర్పాటు పిన్నిదే. ఆమె చెప్పింది, ఈమె వద్దనలేదు.

మొదటి రోజు పిన్ని తడిగుడ్డతో దగ్గరికొచ్చి, "మేడమ్, కాస్త కాళ్ళు పక్కకి పెట్టుకోండి" అంది, కళ్ళలో కొంటెతనంతో. అద్దాలమ్మాయి నవ్వాపుకోలేక దగ్గు తెచ్చుకుంది. తిరుగు రైల్లో ఇద్దరూ ఆ మాటే తలుచుకుని నవ్వుకున్నారు. ఆ తర్వాత నవ్వు తగ్గింది, మేడమ్ మిగిలింది. ఒకరోజు కౌంటరమ్మాయి పక్కనుండగా అద్దాలమ్మాయి, "ఇదిగో, ఇక్కడ మరక పోలేదు చూడు" అంది పిన్నితో. అలా అనాల్సిన పనేమీ లేదు. మిగతావాళ్ళందరూ అలాగే అంటారు కాబట్టి అంది. పిన్ని వంగి తుడిచింది. ఆ పూట రైల్లో ఇద్దరూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

వానలు మొదలయ్యాయి. ఆ రోజు షాపు నిండా జనం, నేలంతా తడి కాళ్ళ గుర్తులు. పిన్ని స్టూలెక్కి పై అరల అద్దాలు తుడుస్తోంది. అద్దాలమ్మాయి ఒక లావుపాటాయనకి ఫ్రేము పెట్టి చెవుల వెనక సరిచేస్తోంది. స్టూలు జారింది. పిన్ని దబ్బున పడింది.

"పిన్నీ!"

అరిచింది అద్దాలమ్మాయే. షాపంతా ఒక్కసారి ఇటు తిరిగింది. ఆమె అప్పటికే రెండడుగులు వేసింది కూడా.

"పిన్నా?" అంది కౌంటరమ్మాయి, కళ్ళింత చేసుకుని. "ఈవిడా మీ పిన్ని?"

మేనేజరు మెట్ల దగ్గర నిలబడి చూస్తున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అద్దాలమ్మాయి చెయ్యి పక్కనున్న చెప్పుల సంచి మీదికి పోయింది.

"కాదు కాదు" అంది. "పెద్దావిడ కదా అని... ఏదో నోటికొచ్చింది."

కింద పడ్డ మనిషి మోకాలు పట్టుకుని పళ్ళు బిగించి ఉంది. అయినా తలెత్తి, "అవును బాబూ, మేడమ్ గారికి నాకు ఏం సంబంధం? వాళ్ళది పెద్ద మనసు, అలా పిలిచారు" అంది. ఆ నొప్పిలో కూడా ఆ మాట ఎక్కడా తడబడకుండా అంది!

"ఈవిడ ఇల్లెక్కడో ఎవరికైనా తెలుసా? ఇంట్లోవాళ్ళకి కబురు చెయ్యాలి" అన్నాడు మేనేజరు.

పిన్ని చెప్పలేదు, ఇంకెవరికీ తెలియదు. తెలిసిన ఒక్క మనిషీ నోరు మెదపలేదు. వాచ్‌మన్ పిన్నిని చంకల కింద పట్టుకుని లేపి, ఆటోలో పడుకోబెట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. పోతూ పోతూ పిన్ని ఇటువైపు చూడనైనా చూడలేదు. చూడకపోవడం జాగ్రత్త కొద్దీ, కోపంతో కాదు.

"ఇది నాకు బాగుందామ్మా?" అన్నాడు లావుపాటాయన అద్దంలోకి చూసుకుంటూ.

"చాలా బాగుంది సార్" అంది అద్దాలమ్మాయి.

షాపు వదలగానే పరిగెత్తింది. వానలో, నల్లబూట్లతోనే, పెద్దాసుపత్రికి. దారంతా ఒకటే అనుకుంటూ వెళ్ళింది: లోపలికెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను, ఇక దాచేది లేదు, ఉద్యోగం పోతే పోయింది. ఎంత మంచి ఆలోచనలో! మనిషి నడుస్తున్నంతసేపూ మంచిదే.

వార్డు తలుపు దగ్గర నర్సు అడ్డం నిలబడింది. "సొంతవాళ్ళైతేనే లోపలికి. మీరేమవుతారు?"

పక్కన బల్ల మీంచి షాపు వాచ్‌మన్ దిగ్గున లేచాడు. పాపం, అప్పట్నించీ అక్కడే ఉన్నాడు. "మేడమ్! మీరొచ్చారా!" అన్నాడు.

అద్దాలమ్మాయి నోరు తెరిచింది. మాట గొంతు దాకా వచ్చింది. వాచ్‌మన్ వైపు ఒక్కసారి చూసింది, అంతే. ఆ చూపు లోపలి మంచం మీంచి పిన్ని చూసింది.

"నాకెవరూ లేరు నర్సమ్మా" అంది పిన్ని. "వారు మా షాపు మేడమ్ గారు. పాపం చూసిపోదామని వచ్చారు. చాలా దూరం పోవాలి, పంపించెయ్యండి."

"దూరమేంటి? మేడమ్ వాళ్ళిల్లు ఇక్కడేగా!" అన్నాడు వాచ్‌మన్.

"అదే నాయనా. వాన కదా, వానలో పక్కిల్లైనా దూరమే" అని పిన్ని అటు తిరిగి పడుకుంది.

వెళ్ళిందా అంటే, వెళ్ళిపోయింది. తిట్టండి, మీ ఇష్టం. ఆమె తనని తాను తిట్టుకున్నంత మీరు తిట్టలేరు. రైల్లో పైట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గదిలో తడి బూట్లు విప్పకుండానే పిన్ని మంచం మీద కూలబడింది. ఇలాంటి బతుకు బతికే కంటే చావు నయం అనుకుంది. తెల్లారగానే మేనేజరు ముందు నిలబడి అంతా చెప్పేస్తానని ఒట్టు పెట్టుకుంది.

చెప్పేదే. కానీ ఆమె గుమ్మంలో అడుగు పెట్టేసరికే మేనేజరు అందరినీ పిలిచి నిలబెట్టి ఉన్నాడు. "చూడండి, ఈ అమ్మాయి నిన్న వానలో ఆసుపత్రికెళ్ళి పనిమనిషిని చూసొచ్చిందట, వాచ్‌మన్ చెప్పాడు. ఏ సంబంధమూ లేకపోయినా! మనసంటే ఇలా ఉండాలి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కౌంటరమ్మాయి కళ్ళు తుడుచుకుంది. ఒక్కో చప్పట్టూ ఒక్కో చెంపదెబ్బలా తగిలింది. తల కొట్టేసినట్టయింది. నేల చూస్తూ నిలబడింది. చూశారా, ఎంత అణకువో అని దాన్నీ మెచ్చుకున్నారు. ఒట్టు గట్టున పెట్టి తన కుర్చీలో కూర్చుంది.

ఆదివారం పూట పిన్ని గదికొచ్చింది. కాలికి కట్టు, చంకలో కర్ర. ఇంటావిడా, కింద టైర్లతనూ చెరోవైపు పట్టుకుని మెట్లెక్కించి వెళ్ళారు. అద్దాలమ్మాయి ఎదురెళ్ళి, "పిన్నీ" అని ఏడుస్తూ కాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది.

"అయ్యో, లేవండి మేడమ్. కింద తడిగా ఉంది, బట్టలు పాడవుతాయి" అంది పిన్ని.

"ఇక్కడ మనిద్దరమే కదా పిన్నీ, మేడమ్ ఏంటి? తిట్టు నన్ను. కొట్టు. అలా మాత్రం పిలవకు."

"మిమ్మల్నెందుకు తిడతానండీ?" అంది పిన్ని. గొంతులో ఎగతాళి లేదు, కోపమూ లేదు. దుప్పటి మడత పెట్టడం నేర్పేటప్పుడు మాట్లాడే గొంతే అది. "అక్కడొక పిలుపూ ఇక్కడొక పిలుపూ అయితే నోరు తప్పుతుందండీ. మొన్న మీకు తప్పిందా లేదా? కాలు బాగయ్యాక నేను మళ్ళీ ఆ షాపుకే రావాలి, నాకు ఇంకో పని ఎవరిస్తారు? రేపు నలుగురిలో నా నోరు జారి, ఒసేయ్ అన్నాననుకోండి, మీ బతుకు బజారున పడుతుంది. రెండుచోట్లా మేడమే అనుకుంటే ఏ గొడవా ఉండదు. నాలుగు రోజులు ఎబ్బెట్టుగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది."

అద్దాలమ్మాయి కళ్ళు తుడుచుకుంది. లేచి, మంచం ఎక్కించడానికి చెయ్యి చాపింది.

"వద్దండీ, మీకెందుకు శ్రమ" అని, పిన్ని గోడ పట్టుకుని తనంతట తానే ఎక్కింది.