బాగుచేసి పాడుచేసిన వల

ఆ రోజుల్లో నాకు రాయడం రాదు కాబట్టి జరిగినవన్నీ నోటితోనే చెప్పేదాన్ని, చెప్పిన ప్రతిసారీ కొంచెం మార్చేదాన్ని. ఇంట్లో పెద్దపిల్లను. అమ్మ చేపలగంప ఎత్తుకుని పూర్ణా మార్కెట్‌కి వెళ్తే నా చంకలో తమ్ముడు, చేతిలో కుట్టాల్సిన నాన్న వల. బడికి వెళ్ళాలంటే మూడో చెయ్యి కావాలి, అది లేదు. యాభై దాటాక, మొన్నమొన్ననే అక్షరాలు పట్టుబడ్డాయి. అందుకని ఈ సంగతి మాత్రం మార్చకుండా రాస్తున్నాను.

పదేళ్ళ కిందటి మాట. నలభై ఏళ్ళ మనిషినే గాని జీతం పనికి కొత్త. వన్ టౌన్‌లో, మా వీధికి దగ్గరలో, ఓడరేవుకి ఎదురుగా మూతబడిన ఐసు ఫ్యాక్టరీ ఉండేది. బొమ్మలు వేసే పడుచు పిల్లలు ఓ పదిమంది కలిసి, ఎవరికీ అక్కర్లేని అలాంటి చోట్లు అడిగి తీసుకుని, రెండు మూడు రోజులు జనానికి బొమ్మలు చూపించి తాళాలు తిరిగి ఇచ్చేసేవారు. ఊడ్చి కడగడానికి నన్ను పెట్టుకున్నారు. ఎగ్జిబిషన్ అన్నారు. (నాకు తెలిసిన ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీలూ, పళ్ళెమంత అప్పడాలూ ఉంటాయి. అవి ఇక్కడ ఎక్కడ పెడతారా అని ఒక రోజంతా ఆలోచించాను.) ఐసు ఎప్పుడో పోయినా ఆ గోడల్లో చలి మిగిలే ఉంది. పైకప్పు కంతల్లోంచి ఎండ పడి నేలమీద మెల్లగా నడిచేది. చీపురు ఆపి దాన్నే చూస్తూ నిలబడిపోయేదాన్ని.

వాళ్ళలో ఒక అమ్మాయికి పొడుగుపాప అని నేనే పేరు పెట్టుకున్నాను. ఆమె పెద్ద కిటికీకి అడ్డంగా ఓ పాత చేపల వల వేలాడదీసింది. మధ్యలో మనిషి నడుం దాకా దూరేంత చిరుగు. వాళ్ళమ్మ మద్దిలపాలెం నుంచి ఆ సాయంత్రమే వస్తోందట. ఈ ఒక్కసారి చూస్తాను, ఇందులో నాకేమీ కనబడకపోతే ఇవన్నీ మానేసి ఆఫీసు ఉద్యోగంలో చేరాలి అని మాట తీసుకుందట. ఆ కబురు నాకు చెప్పి, ఏవో సామాన్లు తేవడానికి వెళ్ళిపోయింది. నాకు మనసు మనసులో లేదు. కన్నతల్లి చూడ్డానికి వస్తుంటే చిరిగిన వలా? మా వీధిలో చిరుగువల దండెం మీద కనబడితే ఆ ఇంటి ఆడవాళ్ళ గురించి నాలుగు రోజులు చెప్పుకుంటారు. ఇంటికి పరుగెత్తి సూదీ దారమూ తెచ్చాను. వేలాడే పోగులు కత్తిరించి, ముడి పక్కన ముడి వేసుకుంటూ పోయాను. మధ్యాహ్నానికి చిరుగు ఎక్కడుండేదో నాకే తెలియలేదు.

పొడుగుపాప వచ్చి చూసి నేలమీద కూలబడింది. తిట్టలేదు.

"అక్కా, ఆ చిల్లే కదా నా బొమ్మ."

"చిల్లు బొమ్మేటి పాపా?"

"అందులోంచి చూడాలక్కా."

వల ఉన్నంతమేరా ఓడరేవు గీతల వెనక మసగ్గా ఉంటుందట. చిల్లు దగ్గరికొచ్చి నిలబడితే నీళ్ళూ క్రేన్లూ ఒక్కసారిగా దగ్గరికొస్తాయట. ఆ దారిని నేను శుభ్రంగా మూసేశాను.

వాళ్ళమ్మ రావడానికి ఇంకా మూడు గంటలే ఉంది. కత్తెరతో కోసేద్దామని నేనంటే, అది దర్జీ కోసినట్టుంటుంది, సముద్రం చింపినట్టుండదు అంది. అదీ నిజమే. రాయికి పట్టుకున్న వల ఎలా చిరుగుతుందో నాకు తెలుసు గాని, ఆ రాయి పని నేనెప్పుడూ చేయలేదు. గోడకున్న తుప్పు కొక్కేనికి వల తగిలించి ఇద్దరం లాగాం. కుట్టడంలో పేరున్న మనిషిని, చింపడం రాక చెమటలు కక్కాను.

"గట్టిగా లాగు పాపా, జడేస్తన్నట్టు పట్టుకున్నావేటి?" అన్నాను. ఆ పిల్ల మొహంలో నవ్వో ఏడుపో తెలియలేదు. చివరికి పాత నైలాను బర్రుమని చిరిగింది, ఇద్దరం వెల్లకిలా పడ్డాం. తీరా చూస్తే చిరిగింది నా కుట్టు కాదు, దాని పక్కన. నా కుట్టు చెక్కుచెదరలేదు. (సిగ్గుపడాల్సిన సమయమే గాని, కొంచెం గర్వపడ్డాను.) వలని రెండు మూరలు జరిపి, కొత్త చిల్లు కిటికీకి ఎదురుగా వచ్చేట్టు కట్టాం.

తల్లి వచ్చింది. హ్యాండ్‌బ్యాగు చంకలో బిగించుకుని, అన్నీ గబగబా చూసుకుంటూ వచ్చి వల ముందు ఆగింది. వంగి చిల్లులోంచి చూసింది. ఎర్ర ఓడ ఒకటి, కదులుతోందో లేదో తెలియనంత నెమ్మదిగా, ఈ అంచు నుంచి ఆ అంచుకి వెళ్తోంది. అది దాటిపోయేదాకా ఆవిడ నడుం ఎత్తలేదు.

"రోజూ బస్సులోంచి చూసే పోర్టేనా ఇది?" అంది.

ఉద్యోగం మాట ఎవరూ ఎత్తలేదు. వెళ్తూ వెళ్తూ, వచ్చేసారి ఎక్కడ పెడుతున్నారని మాత్రం తల్లి అడిగింది. పొడుగుపాప నా చెయ్యి పట్టుకుని వదల్లేదు, అది నొప్పి పుడుతున్నా నేనూ లాక్కోలేదు.

మర్నాడు పొద్దున్న నాన్న చేపలవేట నుంచి ఒడ్డుకొచ్చి చిరిగిన వల నా ముందు పడేశాడు. సూదికి దారం ఎక్కించి, కుట్టబోయి, ఆగి, వలని రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నాను. నలభై ఏళ్ళ ఆడది ఒడ్డున నిలబడి వలచిల్లులో మొహం పెడితే ఎవరు ఊరుకుంటారు? అందరూ నవ్వారు. ఇప్పుడు తలుచుకుంటే నాకూ ఆ మనిషి మీద నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తుంది.

"ఏటే సేత్తన్నావ్? ఎండెక్కిపోతంది, కుట్టు" అన్నాడు నాన్న.

"ఉండు నాన్నా, నాను సూస్తన్నాను."

దూరంగా ఓ పడవ ఆ చిల్లులో ఇటు నుంచి అటు చేరేదాకా చూసి, అప్పుడు మొదటి ముడి వేశాను.