కాపర్ అంటే కొప్పెర

పాటిగడ్డ అన్న మాట వింటే ఇప్పుడు నాకు భయం. ఒకప్పుడు అదే మాట చెవిన పడితే అన్నం ముందు నుంచి లేచి పరుగెత్తేదాన్ని. ఎప్పుడో జనం బతికి, ఊరు పాడుపడి, గోడలూ బూడిదా పెంటా కలిసిపోయి ఎత్తుగా మిగిలిన నేలను మా వైపు పాటిగడ్డ అంటారు. ఆ మన్ను చేలకు బలమని బండ్లతో తోలుకుపోతారు.

ఎం.ఏ. చదివే రోజుల్లో లక్సెట్టిపేట దాటాక, గోదావరి వైపు ఉన్న ఒక ఊళ్లో అలాంటి గడ్డను తవ్వడానికి పురావస్తు శాఖలో పనిచేసే మా సార్ వెంట వెళ్లాం. దొరికిన కుండ పెంకుల, వస్తువుల బొమ్మలు గీయడం నా పని. ఆ నేల ఒక క్రైస్తవ రైతు కుటుంబానిది. ఇంటావిడ ఆదివారం చర్చికి పోయేది, మిగతా రోజులు చేనుకు పోయేది. నా మొహం వాడినట్టు కనబడితే చాలు, ఉడకబెట్టిన మక్క గుడాలు కొంగులో మూటగట్టి తెచ్చేది. “తిను బిడ్డా, పెంకులు యాడికి పోవు” అనేది.

ఒకరోజు గుంటలో చిలుము పట్టిన సన్నటి పుల్ల బయటపడింది. రాగి కాటుక పుల్ల, వేలెడంత కూడా లేదు. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక విద్యార్థి ఆనందం పట్టలేక “కాపర్! కాపర్!” అని అరిచాడు. గట్టు మీద మన్ను జల్లెడ పడుతున్న కూలీలకు అది “కొప్పెర” అని వినిపించింది. కొప్పెర అంటే పెద్ద గంగాళం. కథల్లో నిండా బంగారం పోసి భూమిలో పాతిపెట్టేది దాన్నే. పొద్దుగూకేసరికి కొప్పెర దొరికిందని ఊరంతా పాకింది. మేం పొట్ట పట్టుకుని నవ్వాం. సార్ కూడా నవ్వి, “రిపోర్టు అచ్చయితె అందరికి తెలుస్తది తియ్యుండ్రి” అన్నారు.

ఆ తవ్వకాల రిపోర్టు అచ్చు కాలేదు. సార్‌కు బదిలీ అయింది. తర్వాత మరో చోట తవ్వారు, అది పూర్తికాకముందే ఇంకో చోట. తవ్వితే పేపర్లో ఫొటో పడుతుంది, రాస్తే నడుం నొప్పి వస్తుంది. మా వాళ్లు దేన్ని ఎంచుకుంటారో చెప్పనక్కర్లేదు. తవ్వినవారే రాయాలన్నది మాలో ఆనవాయితీ. సార్ ఉన్నన్నాళ్లూ ఇంకొకరు అందులో వేలు పెట్టలేదు. ఆయన చనిపోయాక పెట్టేవాళ్లు లేకుండా పోయారు.

పోయినేడు పత్తి ఏరే రోజుల్లో, నాకు గుడాలు పెట్టిన ఆ రైతు ఇంటావిడ కరీంనగర్‌లో నేను పాఠాలు చెప్పే కాలేజీకి వెతుక్కుంటూ వచ్చింది. భర్త పోయాడట, ఒక్కతే ఉంటోందట. కూర్చోమంటే కూర్చోలేదు.

“బిడ్డా, మన గడ్డల ఏం దొరికిందో జర కాయితం మీద రాసియ్యి. గవర్మెంటు ముద్ర ఉండాలె” అంది.

ఎవరో యూట్యూబ్‌లో ఆ గడ్డ గురించి వీడియో పెట్టారట. కొప్పెరలో సగం తవ్విన సార్లు పట్టుకుపోయారని, సగం భూమి గలావిడకు ఇచ్చారని చెప్పారట. అప్పటి నుంచి చేనులో ఎక్కడ చూసినా గుంతలు, వాటి పక్కన పసుపు, కుంకుమ, కోసిన నిమ్మకాయలు, నల్లకోడి ఈకలు.

“పాస్టరు గారు ప్రార్థన చేసిండు. గానీ మొన్న పత్తి ఏరుతుంటె ఇద్దరు వచ్చిండ్రు. అవ్వా, నీ వాటా యాడ పెట్టినవ్ అని అడిగిండ్రు. నవ్వుకుంటనే అడిగిండ్రు బిడ్డా.”

నిధుల కోసం కోళ్లను బలిచ్చి అంతటితో ఆగనివాళ్లు ఉంటారని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. పోలీసులకు చెబుదామన్నాను. “వాళ్లు గూడ గదే అడుగుతరు” అంది.

నేను పురావస్తు శాఖ ఆఫీసుకు వెళ్లాను. అక్కడి ఉద్యోగి మర్యాదగానే మాట్లాడాడు. “రిపోర్టు రాకముందు మేమేం రాసియ్యలేం మేడం” అన్నాడు. ఎప్పుడు వస్తుందంటే, “రాసే సార్ లేడు గదా” అన్నాడు. పోనీ ఆ పుల్లనైనా చూపించమన్నాను. గోదాము తలుపు తీశాడు. ఎలుకలు కొరికిన సంచుల్లోంచి పెంకులు జారి ఒకే కుప్పయ్యాయి. ఏది ఏ గుంటదో చెప్పే చీటీలు పొడిపొడిగా రాలిపోయాయి. పుల్ల జాడే లేదు. నాకు ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువగా కోపమొచ్చింది.

చివరికి నా పాత నోటుబుక్కులోని ఆ పుల్ల బొమ్మను అసలు కొలతలోనే మళ్లీ గీసుకుని ఆ ఊరికి పోయాను. పంచాయతీ ఆఫీసు ముందు పదిమందిని పోగుచేసి చూపించాను. దొరికింది ఇదీ, పగిలిన కుండలూ, అంతేనన్నాను.

ఒకాయన బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు. “గిదే దొరికితె గిన్నేండ్లు ఎందుకు దాసిండ్రు మేడం?”

బొమ్మ తీసుకుని సంచిలో పెట్టుకున్నాను. తిరిగి వస్తుంటే ఒకడు బస్సు దాకా నా పక్కనే నడిచాడు. “మీరు గప్పుడు గుంటల్నే ఉన్నరట గదా. జాగ జూపియ్యుండ్రి, మీ వాటా మీకే” అన్నాడు. వాడూ నవ్వుతూనే అన్నాడు. బస్సెక్కాక కూడా వెనక్కి తిరిగి తిరిగి చూశాను.

ఆ వచ్చిన ఆదివారమే ఆమె ఫోన్ చేసింది. చర్చి నుంచి వచ్చేసరికి ఇంటి తాళం పగిలి ఉందట. పొయ్యి చుట్టూ నేలంతా నడుంలోతు తవ్వేశారట.

“ఉండమ్మా, ఇప్పుడే వస్తున్న” అన్నాను.

“వద్దు బిడ్డా, నీకు దండం పెడత. నువ్వు వచ్చి పోయినంకనే ఇంట్లకు జొచ్చిండ్రు. నీ వాటా కోసం వచ్చినవనుకున్నరు. మల్ల రాకు.”

ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. గొంతు బాగా తగ్గించి అడిగింది.

“నిజం చెప్పు బిడ్డా. గప్పుడు నిజంగనే ఏం దొరకలేదా?”