మేస్త్రీ లెక్కలో తాగుడు కానిది

1993 జూలై 12, సోమవారం. తమిళనాడులో గుడియాత్తం దగ్గర ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సుగా నాకది పదకొండో ఏడు. మా రిజిస్టర్లలో క్షయకు గడి ఉండేది, మలేరియాకు ఉండేది. కుటుంబ నియంత్రణకైతే టార్గెట్, అంటే ఏడాదికి ఇంతమందిని చేర్చాలని పైనుంచి వచ్చే సంఖ్య. తాగుడుకు మాత్రం గడి లేదు. గడి లేనిదాన్ని ఎవరూ అడగరు. రెఫరల్ చీటీ, అంటే పెద్దాసుపత్రికి పంపే కాగితం, రాసేటప్పుడు మాత్రం నేను అడిగేదాన్ని.

ఆ ఉదయం మునిరత్నం వచ్చాడు. వయసు 41, కాంక్రీటు జట్టుకు మేస్త్రీ. హెర్నియా, అంటే పొట్ట కింద పేగు జారడం. 22న వేలూరులో ఆపరేషను.

“తాగుతావా నాయనా?”

“సామి తోడు, లేదమ్మా.”

“లేదు” అని రాసి, సంతకానికి పెన్ను ఇచ్చాను. పెన్ను కాగితం మీద నిలవలేదు.

“చెయ్యి ఇట్ల వణుకుతా ఉండాదే?”

“పొద్దున పూట అంతేమ్మా. పనిలో దిగితే నిలబడతాది.”

పక్కనున్న భార్య కాంతమ్మ పక్కున నవ్వింది. “దిగితే కాదమ్మా, పని అయిపోతే! మిద్దె కట్టించేటాయన సీసా ఇచ్చినాక నిలబడతాది.”

“నువ్వు ఊరికే ఉండు మే,” అని అతను కసిరాడు.

మా వైపు మిద్దెకు కాంక్రీటు పోసిన సాయంత్రం, ఇంటి యజమాని జట్టుకంతా బిర్యానీ, తలా ఒక క్వార్టరు, అంటే నూట ఎనభై మిల్లీలీటర్ల సీసా, బ్రాందీ ఇవ్వడం ఆచారం. మేస్త్రీకి రెండు.

“అది తాగుడెట్లయితాదమ్మా?” అన్నాడు మునిరత్నం. “మర్యాద గదా! వద్దంటే ఆ ఇంటికి మంచిది కాదంటారు. సర్కారు వద్దన్నప్పటి నుంచి సారాయి దిక్కు నేను చూడలే. ఇది సర్కారు లైసెన్సిచ్చిన షాపు సరుకు.”

నేను చేసిన తప్పు అప్పుడు తెలిసింది. మా తమిళనాడు ప్రభుత్వం రెండేళ్ళ కిందట సారాయిని నిషేధించింది, బ్రాందీ షాపులను తెరిచే ఉంచింది. నిషేధించినదాన్ని ముట్టలేదు కనుక తాను తాగనట్టేనని అతని నమ్మకం. అతను అబద్ధం చెప్పలేదు. ప్రశ్న మార్చాను.

“పోయిన వారం ఎన్ని మిద్దెలు పోసినావు?”

“ఐదు!” ఛాతీ విరుచుకుని చెప్పాడు. “వేలూరులో ఇప్పుడు యాడ జూసినా కట్టడమే.”

“తక్కిన రెండు దినాలు?”

“ఒళ్ళునొప్పులకు ఒక్కొక్కటి.”

ఐదు రెళ్ళు పది, ఇంకో రెండు కలిపితే పన్నెండు. పన్నెండు నూట ఎనభైలు 2,160 మిల్లీలీటర్లు. ఏడాదికి నాలుగు మిద్దెలు పోసే కాలంలో పుట్టిన మర్యాద, కట్టడాలు పెరిగేసరికి రోజువారీ అయి కూర్చుంది. ఇంత తాగే మనిషి వార్డులో ఉన్నట్టుండి మానితే విత్‌డ్రాయల్ వస్తుంది. రెండో రోజో మూడో రోజో ఫిట్స్, మతి తప్పడం, ఒక్కోసారి ప్రాణమే పోవడం. నా చీటీలో “లేదు” చూసిన సర్జను దానికి సిద్ధంగా ఉండడు.

చీటీ చించి కొత్తది రాస్తుంటే మునిరత్నం బల్ల మీదికి వంగి చూశాడు. “అమ్మా, ఇది పోలీసుల కాడికి పోదు గదా?”

“పోలీసాయనకు పేగు జారిందా, ఆడికి పంపేదానికి?”

కాంతమ్మతో పాటు ఈసారి అతనూ నవ్వాడు.

చీటీ చూసి వేలూరు డాక్టర్లు ఆపరేషను వారం జరిపారు. 14నే వార్డులో చేర్చుకుని, మందులిస్తూ తాగుడు మాన్పించి, 29న కోశారు. వార్డులో చేరిన మూడో రోజు, 16న, నేను భయపడుతూనే వెళ్ళాను. కాంతమ్మ వరండాలోనే ఎదురైంది.

“ఈయప్పకు మతి బాగుండాదమ్మా. ఇడ్లీ గట్టిగా ఉండాదని పొద్దున్నుంచి పోట్లాడతా ఉండాడు.”

ఆ మాట విన్నాక గాని నేను కూర్చోలేదు.

అక్టోబరులో అతను మళ్ళీ పనిలోకి దిగాడు. క్వార్టర్లకు బదులు రెండు బిర్యానీ పొట్లాలు అడిగి తీసుకునేవాడు. ఏ ఇంటికీ కీడు జరగలేదు. తరువాత తన జట్టులో ముగ్గురిని తానే వెంటబెట్టుకొచ్చాడు. “వీడు మూడంటాడమ్మా, నువ్వు ఐదు రాసుకో,” అన్నాడు.

దేన్ని అమ్మాలో, దేన్ని ఆపాలో పైవాళ్ళు నిర్ణయిస్తారు. దాన్నిబట్టే జనం మాకు ఏం చెప్పాలో, ఏం చెప్పనక్కర్లేదో నిర్ణయించుకుంటారు. అందుకే రోగిని తప్పు ఒప్పుకోమన్నట్టు అడగకూడదు. నిన్న పని ఎట్లా జరిగిందని అడిగితే, మనకు కావలసిన లెక్క అతనే చెబుతాడు.