కిటికీలోంచి పిలిచిన బేరం

ఆ ఇంగ్లీషు క్లాసు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఏడో తరగతిలో నాకు బడిమీద, బడికి నామీద ఒకేసారి విసుగు పుట్టింది. అప్పటినుంచి గాజుల దుకాణం వెనక గదిలో డబ్బాలు కడుతున్నాను. ఇంగ్లీషు వస్తే ముందు కౌంటర్‌లో నిలబెడతానన్నాడు సేఠ్. అందుకని పాతబస్తీ హుస్సేనీ ఆలంలో, మిఠాయి దుకాణం పైన నడిచే స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేరాను.

అది నడిపే సారు "ఐ యామ్ గోయింగ్, యు ఆర్ గోయింగ్" అని వల్లె వేయించేవాడు. ఎక్కడికి వెళ్తున్నామో ఎవరికీ తెలియదు. కొత్తగా వచ్చిన టీచరమ్మ మాత్రం పుస్తకాలు మూయించి ఆటలు పెట్టింది. ఒకరోజు బజారాట. జరీ పని చేసే ఒక పెద్దామె మాతోపాటే నేర్చుకునేది, అందరం ఖాలా, అంటే పిన్నమ్మా, అనేవాళ్ళం. టీచరమ్మ గొడుగును ఆమె అమ్మాలి, నేను కొనాలి.

"దిస్ అంబ్రెల్లా ఓల్డ్. యువర్ గ్రాండ్‌ఫాదర్ అంబ్రెల్లా," అన్నాను.

"మై గ్రాండ్‌ఫాదర్ గుడ్ మ్యాన్. నో డిస్కౌంట్," అంది ఖాలా.

మా దగ్గర బేరం తెగకపోతే కొనేవాడు లేచి నడవాలి, అమ్మేవాళ్ళు వెనక్కి పిలవాలి. ఆట అన్న సంగతే మరిచి మెట్లు దిగి వీధిలోకి వెళ్ళిపోయాను. ఖాలా కిటికీలోంచి వంగి, "బ్రదర్, కమ్ బ్యాక్! లాస్ట్ ప్రైస్!" అని అరిచింది.

"నో సిస్టర్, ఐ యామ్ గోయింగ్," అన్నాను. వల్లె వేసిన ముక్క మొదటిసారి పనికొచ్చింది. వెతుక్కోకుండానే నోటికొచ్చింది.

సరిగ్గా అప్పుడే సారు స్కూటర్ దిగాడు.

"ఏంది గీ లొల్లి? క్లాసా, జుమ్మెరాత్ బజారా?"

"ఇంగ్లీషే మాట్లాడుతున్నం సార్."

"గ్రామర్ లేని ఇంగ్లీషు గాడిద గూడ మాట్లాడ్తది."

"గసుంటి గాడిద దొరికితే మా సేఠ్‌కు చెప్పుండ్రి సార్, కౌంటర్ల నిలబెడ్తడు."

ఆ కోపం నామీద చూపినా బాగుండేది. పైకి వెళ్ళి టీచరమ్మను అందరి ముందూ కడిగేశాడు. "ఆమెనేం అనకు బేటా, మేమే ఆడినం," అంది ఖాలా. సారు ఆమెవైపు చూడనైనా లేదు. మాటలు నేర్పుతామని గోడమీద రాసుకుని, లోపల నోళ్ళు మూయిస్తాడా మనిషి?

మరునాడు మళ్ళీ పాత వల్లెవేత. టీచరమ్మ బోర్డు మీద రాస్తోంది, మావైపు తిరగలేదు. ఖాలా నోట్లోనే గొణుగుతోంది. నా వంతు వచ్చింది. లేచి మెట్లు దిగాను.

అలవాటు చావదు కదా, మిఠాయి దుకాణం ముందు కాసేపు నిలబడ్డాను. ఎవరూ పిలవలేదు. పైన కిటికీ మూసి ఉంది. సారే మూయించి ఉంటాడు, గాలికి గ్రామర్ రాదని.

దుకాణానికి వెళ్ళి, వెనక గదిలో డబ్బాల ముందు కూర్చున్నాను.