కుశలప్రశ్నల్లో కూలిన గోడ

దోమ కుట్టిందని మొదలుపెట్టి ఏనుగు తొక్కిందని ముగించే రకం నేను. కాబట్టి మీకు తోచినంత తరుగు తీసేసి చదువుకోండి. ఎంత తీసినా, గుడియాత్తంలో నా కంప్యూటర్ భవిష్యత్తు ఒక్క ఆదివారంలో కూలిపోయిన మాట మాత్రం మిగులుతుంది.

దేశం తలుపులు తెరుచుకుని, ఊరూరా కంప్యూటర్లు దిగుతున్న రోజులవి. మా నాయన మేస్త్రీ. తాతా మేస్త్రీయే. నేను మాత్రం ఒక పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీ పట్టుకుని, అందులోని సాఫ్ట్‌వేర్‌తో ప్రోగ్రాములు రాసి బతుకుతానన్నాను. నాయన నా పాత కంప్యూటర్‌ను వంకర గోడను చూసినట్టు చూశాడు.

"పళ్ళికొండలో మనం కట్టబోయే ఇంటికి ఇటుకలెన్ని పడతాయో సోమవారం లోపల ఈ పెట్టె చెప్పిందంటే, నువ్వు దీని ముందరే కూచో. చెప్పలేదంటే తాపీ పట్టుకోని నా యెనక రా నాయనా."

ప్రోగ్రాము రాశాను. గోడల కొలతలిచ్చాను. జవాబు లేదు. తెర మీద ఒక చిన్న గీత మిణుకుమిణుకుమంటూ నన్నే చూస్తోంది. కొన్న వస్తువైతే అంగడివాణ్ణి తిట్టవచ్చు. ఉచితంగా వచ్చినదానికి ఎవణ్ణి తిట్టాలి? దాని మాన్యువల్ "మీకు ఇదివరకే తెలిసినట్టుగా" అని మొదలవుతుంది. తెలిస్తే నీ మొహం ఎందుకు చూస్తానయ్యా? సహాయానికి ఇంకో పేజీ చూడమంది. ఆ పేజీ మళ్ళీ ఈ పేజీనే చూడమంది. మోర్ధానా ఆనకట్ట తెగినంత కోపం వచ్చింది నాకు.

ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకు ఈమెయిల్ గుంపు ఒకటుందని, ఒకరు రాస్తే అందరికీ చేరుతుందని తెలిసి, బస్సెక్కి వేలూరు బ్రౌజింగ్ సెంటర్‌కు వెళ్ళాను. మా వైపు పని మీద ఒకరింటికి వెళ్తే పని మాట ముందు ఎత్తరు. ఆరోగ్యం, వాన, బావిలో నీళ్ళు, పిల్లల పెళ్ళిళ్ళు అన్నీ అయ్యాక, గడప దాటుతూ "ఇంకొక మాట" అంటారు. అదే మర్యాదతో ఇంగ్లీషులో రాశాను. అందరి క్షేమం అడిగాను. మీ ఊళ్ళలో వానలెలా ఉన్నాయన్నాను. ఇటు వస్తే మా ఇంట్లో భోజనం చేయాలన్నాను. మొదటి ఉత్తరంలోనే అసలు సంగతి అడగడానికి నేనేమైనా పెంపకం లేనివాణ్ణా?

"ప్రశ్న ఏమిటి?" అని ఒకడు. "మాన్యువల్ చదువు" అని ఇంకొకడు. ఒక్కడంటే ఒక్కడు వాన గురించి చెప్పలేదు! తిరుగు బస్సులో ఆ గుంపు సంస్కారం మీద పక్కసీటాయనకు ఉపన్యాసమిచ్చాను. గుడియాత్తానికి టికెట్ తీసుకున్న ఆ మనిషి పళ్ళికొండలోనే దిగిపోయాడు.

చివరికి బెంగుళూరులో ఉండే తెలుగాయన ఒకరు కరుణించి, వేలూరు పని మీద వస్తున్నానని, ఆదివారం మా ఇంటికి వస్తానని రాశారు. వచ్చారు కూడా. వస్తూనే కంప్యూటర్ వైపు చూసి అడిగారు.

"ఏమిటి మీ ఇబ్బంది?"

నేను నోరు తెరిచేలోపు నాయన అడ్డొచ్చాడు. "ముందర తినండి సార్. అది యాడికి పోతాది, ఈడనే ఉండాది."

తిన్నారు. మా అమ్మ పెట్టిన సంగటికి ఆయన కళ్ళు మూతలు పడ్డాయి. లేచాక నాయన ఆయన్ను తాను కట్టిన గోడలన్నీ చూపించడానికి తీసుకుపోయాడు. నాయన్ను ఎంత నిలదీయాలనిపించినా, అతిథి ముందు కొడుకు అరుస్తాడా? బస్టాండులో ఆయనెక్కిన బస్సు కిటికీ పట్టుకుని "ఇంకొక మాట సార్" అన్నాను. అంతే, బస్సు కదిలిపోయింది. ఆయన నవ్వుతూ చెయ్యి ఊపారు.

సోమవారం నా చేతిలో తాపీ.

తర్వాత సిగ్గు విడిచి ప్రోగ్రామంతా ఆయనకు పంపాను. ఒక్క వాక్యం జవాబొచ్చింది: బ్రాకెట్ తెరిచారు, మూయలేదు, మీరు మూస్తారని ఆ గీత కాచుకుని ఉంది.

నాయన విని సిమెంటు కలుపుతూనే అన్నాడు, "వాకిలి పెట్టి తలుపు మర్చిపోయినావన్నమాట. నువ్వు మేస్త్రీగా కూడా పనికి రావప్పా."

పళ్ళికొండలో నేను కట్టిన ఆ వంకర గోడ సాక్షిగా చెబుతున్నాను: ఇకపై ఇంటికి నిప్పంటుకున్నా, నన్ను తేలు కుట్టినా, పని మాట ముందు, పలకరింపు తర్వాత.

ఇక ఇందులో నేను కల్పించింది ఏదంటారా? ఆ బస్సు అంత తొందరగా కదలలేదు. డ్రైవరు టీకి వెళ్ళాడు, అది చాలాసేపు అక్కడే ఉంది. అప్పటికి పలకరింపుల్లో నేను ఆయన మేనత్త మోకాళ్ళ నొప్పి దాకానే వచ్చాను.