ఎర్ర బండికి యాక్సిల్ మార్చిన యేడు

మొన్న మధ్యాహ్నం అన్నాలయ్యాక మా మనవరాలు ఫోను నా ముందు పెట్టి ఒక వీడియో చూపించింది. ఎవరో తెల్లాయన, చొక్కాకు మరకైనా అంటని మనిషి, పాతకాలపు రెండు సీట్ల స్పోర్ట్సు కారును పైకి లేపి దాని గేరుబాక్సు, వెనక యాక్సిల్ ఊడదీసి వేరేవి బిగిస్తున్నాడు. పగటిపూట ఇట్లాంటివి చూస్తూ కూర్చోవడం నాకు గిట్టదు, ఆపెయ్యమనబోయాను. అంతలో ఆయన యాక్సిల్‌ను బండి కిందికి తోస్తుంటే, నాకు తెలియకుండానే, నూనె పోసే బిరడా ఎటువైపు ఉందో చూసుకోమని ఆ ఫోనుకు చెప్పేశాను. మనవరాలు నవ్వి, మూడో తరగతితో బడి మానిన నీకు ఇవన్నీ ఎట్లా తెలుసని అడిగింది. పని ఉందని లేచిపోయాను. దానికి చెప్పాలంటే మొదట్నుంచీ చెప్పాలి, అంత ఓపిక నాకిప్పుడు లేదు. నా ఈడువాళ్ళు మీరైతే సగం చెప్పినా మిగతాది అర్థం చేసుకుంటారు.

మా ఆయనకు తిరుపతి నుంచి చంద్రగిరికి పోయే దారిలో రేకుల షెడ్డు ఉండేది. లారీలు, టాక్సీలు వచ్చేవి. మేము షెడ్డు వెనకనే కాపురం. జీతానికి మనిషిని పెట్టుకుంటే మిగిలేది ఏమీ ఉండదని నేనే వంట ముగించుకుని పోయి సామాన్లు కిరసనాయిలులో కడిగేదాన్ని, బోల్టులు సైజుల వారీగా పాలపొడి డబ్బాల్లో వేసేదాన్ని, ఆయిల్ పోసేదాన్ని. ఆయిల్ సంగతి ఇంకెవరికీ వదిలేదాన్ని కాదు, మగవాళ్ళు పోస్తే సగం నేల తాగేది. అంబాసిడర్ టాక్సీల వెనక యాక్సిల్‌లో ఎంత పడుతుందో చూపుతోనే చెప్పగలను. దాని నడుమ ఉబ్బుగా ఉండే బొడ్డుకు వెనకవైపు, సగానికి కొంచెం కింద ఒక బిరడా ఉంటుంది. అది తీసి, గొట్టంతో పోస్తూ, నూనె అంచుదాకా వచ్చి కారబోతుంటే ఆపెయ్యాలి. అంతే, అది నిండినట్టు.

చంద్రగిరి దగ్గర పల్లెలో ఒక పెద్దాయన ఉండేవాడు. మామిడి తోటలు, చెరుకు, పెద్ద కుటుంబం. మనిషికి ఇంకే వ్యసనమూ లేదు, ఆ వీడియోలో దానిలాంటిదే ఒక రెండు సీట్ల ఎర్ర బండి తప్ప. వయసులో ఉండగా మద్రాసులో ఎవరో దొర అమ్ముకుని పోతుంటే కొన్నాడట. పైన గుడ్డ కప్పు, కూర్చుంటే నేల తగులుతుందా అన్నంత కిందికి ఉండేది. అరవై దాటినా పంచె ఎగగట్టుకుని తానే నడిపేవాడు. డ్రైవర్ని పెట్టుకోమని కొడుకులు చెప్పీ చెప్పీ విసిగిపోయారు. ఆయన వస్తున్నాడని ఆ బండి చప్పుడును బట్టి మాకు మలుపు దగ్గరే తెలిసేది.

ఆ యేడు ఆ బండి వెనక యాక్సిల్ విరిగింది, గేరుబాక్సు అంతకు ముందునుంచే పళ్ళు రాలిపోయి మూలుగుతూ ఉంది. ఆ సామాన్లు మద్రాసులోనూ దొరకవన్నారు. బండిని ఇక తోటలో పెట్టి కోళ్ళకు వదిలెయ్యమని కొడుకులన్నారట. ఆ మాట చెప్పేటప్పుడు పెద్దాయన మా వాకిట్లో స్టూలు మీద కూర్చుని నేలకేసి చూస్తున్నాడు. అప్పుడు మధ్యలో దూరింది నేనే. చిత్తూరులో తుక్కు అంగట్లో అంబాసిడర్ యాక్సిల్, గేరుబాక్సు దొరుకుతాయి కదా, అవే వేస్తే పోదా అన్నాను. మా ఆయన ఒక రోజంతా కొలతలు తీసుకుని, అవుతుందన్నాడు.

అంబాసిడర్ వెడల్పు ఎక్కువ, ఎర్ర బండి ఇరుకు. యాక్సిల్ గొట్టాన్ని రెండు పక్కలా కోసి పొట్టి చెయ్యాలి, లోపలి కడ్డీలను చిత్తూరులో లేతు మిషను మీద కోయించి కొనలకు మళ్ళీ పళ్ళు పెట్టించాలి, కమాను కట్టలు కూర్చునే ఇనుప పీటలను తెగ్గొట్టి ఈ బండి కొలతకు మళ్ళీ అతికించాలి. మా ఆయన రెండు నెలలు అదే ధ్యాసగా ఉన్నాడు. టాక్సీలవాళ్ళు విసుక్కుని వేరే షెడ్లకు పోయారు. గేరుబాక్సు కూర్చున్నాక పెద్దాయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఈ కొత్త బాక్సులో ఏ గేరు ఎటు పడుతుందో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించినట్టు నేర్పించాడు. ఆయన ఇంటికి పోయి తోటలో కట్టె పుల్ల పట్టుకుని సాధన చేసేవాడని విని మేము నవ్వుకున్నాం.

పెద్దాయన ఇంట్లో ఒక పట్టింపు ఉండేది. ఎద్దుల బండి కానీ మోటారు కానీ ఇరుసు మార్చారంటే అది కొత్త బండితో సమానం, పూజ జరిగి ముహూర్తం వచ్చేదాకా చక్రం తిరగకూడదు. ఏ షెడ్డులోనైనా బండి జాకీ మీద ఉండగానే ఒకసారి ఇంజను వేసి గేరు పెట్టి చూస్తారు. మా ఆయనా అదే అడిగాడు. పెద్దాయన ఒప్పుకోలేదు. మా ఆయన చక్రం తిరగకుండా ఇంజను చప్పుడు మాత్రం విని సరిపెట్టుకున్నాడు.

ముహూర్తం రోజు పొద్దున మా ఆయన స్నానానికి పోయాడు, నేను ఆయిల్ పొయ్యడానికి బండి కింద దూరాను. ఎంత పోసినా బిరడా దగ్గరికి నూనె రాదు. మామూలుగా పట్టేదంతా పట్టింది, ఇంకా తాగుతూనే ఉంది. నాకు మొదట కోపమే వచ్చింది, ఎక్కడో కారిపోతోందని నేల తడిమి చూశాను, పొడిగానే ఉంది. అప్పుడు చూశాను, బిరడా సగానికి కింద కాదు, పైన ఉంది. కోసి అతికించిన యాక్సిల్ కదా, దీనికి ఇట్లాగే ఉంటుందేమో అనుకున్నాను. అయినా మనసు ఒప్పుకోలేదు, ఆయన రాగానే అడగాలనుకున్నాను.

ఆయన వచ్చేసరికి పెద్దాయన ఇంటివాళ్ళంతా దిగారు. పసుపు, కుంకుమ, గుమ్మడికాయ, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు. నిమ్మకాయలు పెట్టే పని నాదే. వెనక చక్రం దగ్గర వంగినప్పుడు బిరడా మళ్ళీ కళ్ళబడింది. మా ఆయన పక్కనే కర్పూరం వెలిగిస్తున్నాడు. నోరు తెరవబోయాను. ఆ సమయంలో ఆడది బండికి వంక పెడితే అపశకునమంటారు, నేను బండి కిందికి తొంగిచూస్తుంటేనే పెద్దాయన భార్య అప్పటికే రెండుసార్లు నావైపు గుర్రుగా చూసింది. ఇంకాసేపట్లో రాహుకాలం వస్తుందని తొందర పెడుతున్నారు. నోరు మూసుకున్నాను. తర్వాత చెప్పొచ్చులే అనుకున్నాను.

పెద్దాయనే స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. నేను హారతి పళ్ళెం పట్టుకుని ఆయన పక్కనే నిలబడ్డాను. మా ఆయన యాక్సిల్ చప్పుడు వినాలని బండి వెనక్కి పోయి వంగి నిలబడ్డాడు, ఆయన వెనక మా సిమెంటు నీళ్ళ తొట్టి ఉంది. పెద్దాయన క్లచ్చి తొక్కి, నేర్పినట్టే, నా కళ్ళముందే, మొదటి గేరు వేశాడు. బండి ముందుకు పోవాల్సింది వెనక్కి దూకింది. మా ఆయన మోకాలి కింద రెండు ఎముకలూ తొట్టికి, బండికి మధ్య విరిగిన చప్పుడు ఇంజను చప్పుడులోనూ వినబడింది.

పెద్దాయన దిగి వచ్చి నేల మీద కూలబడ్డాడు.

"నేనేరా అబ్బా. రివర్సు ఏసేసినాను. చెయ్యి తప్పింది."

అంత నొప్పిలోనూ మా ఆయన, "కొత్త బాక్సు గదా సామీ, మీకు అలవాటు ల్యాకపాయ," అన్నాడు.

చెయ్యి తప్పలేదని నాకు తెలుసు. నేను చూశాను. పళ్ళెం కింద పెట్టి మా ఆయన తల పట్టుకున్నాను తప్ప ఒక్క మాట అనలేదు.

జీపులో పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించాం. వెదురు బద్దలు, ఆకు పసరు, కోడిగుడ్లు. మళ్ళీ మళ్ళీ పోయి కట్లు మార్పించుకుని, మూడు నెలలు మంచం మీదే ఉన్నాడు. ఎర్ర బండి షెడ్డులో టార్పాలిన్ కింద ఉండిపోయింది. దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు నేను. పెద్దాయన ఇంటినుంచి ప్రతి వారం బియ్యం, వేరుశెనగలు, పాలు వచ్చేవి. ఆయన కూడా వచ్చేవాడు, కానీ లోపలికి రాడు. గేటు దగ్గర నిలబడి, "ఎట్లుండాడమ్మా?" అని అడిగి, నేను బాగున్నాడంటే తలూపి పోయేవాడు. జట్కాలో వచ్చేవాడు. ఎవరి సొమ్మూ ఊరికే తిననిదాన్ని, ఆ బియ్యం వండి పిల్లలకు పెట్టాను. పెట్టినన్నాళ్ళూ నాకు ముద్ద దిగేది కాదని చెబితే అది అబద్ధం. దిగేది. ఆకలి వేసేది, తినేదాన్ని.

కర్ర పట్టుకుని నడక వచ్చిన రోజు మా ఆయన ఎర్ర బండిని తానే బయటికి తీస్తానన్నాడు.

"దాన్ని ముట్టగాకు," అన్నాను. "యాక్సిల్ తలకిందులుగా ఉండాది."

"ఎవురు జెప్పినారు?"

"బిరడా సూడు పో."

కాలు మడవలేక, పక్కకు ఒరిగి, పాక్కుంటూ కిందికి పోయాడు. చాలాసేపు బయటికి రాలేదు. అప్పట్లో ఆయనే పీటలను అటుది ఇటు అతికించేశాడు, దాంతో యాక్సిల్ మొత్తం బోర్లా పడింది, ముందుకు వెయ్యాల్సిన గేర్లన్నీ వెనక్కి తిప్పుతున్నాయి. ఆ బండి పాత యాక్సిల్ ఆకారం వేరు, దీన్నేమో కోసి పొట్టి చేశారు కాబట్టి కళ్ళకు తేడా అగపడలేదు. వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"నీకెప్పుడు తెలిసె?"

"నూనె పోసిన పొద్దే."

"నోరు యాడ బెట్టుకున్న్యావు మే?"

"కర్పూరం ఎలిగించేటప్పుడు నేను వంక బెడితే నువ్వు ఊరకుంటావా?"

ఊరుకునేవాడు కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ వారం షెడ్డు తలుపు వేసుకుని ఇద్దరమే ఆ పని చేశాం. ఆయన కాలు మడవలేడు కాబట్టి బండి కింద పడుకున్నది నేను. ఎటు తిప్పాలో ఆయన చెబితే నేను బోల్టులు విప్పాను. పీటలు కోసి, తిప్పి, ఆయనే అతికించాడు. ఈసారి జాకీ మీదే ఇంజను వేసి చూశాం. చక్రాలు ముందుకు తిరిగాయి. అవి తిరుగుతున్నంతసేపూ ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.

పెద్దాయనకు చెబుదామని నేనన్నాను. "జెప్తే రేప్పొద్దున్నుంచి మన వాకిట్లోకి సైకిల్ గూడా రాదు," అన్నాడు ఆయన. ఇంట్లో ముగ్గురు పిల్లలు. ఇంకోసారి అడగలేదు.

కబురు పెడితే పెద్దాయన వచ్చాడు. మా ఆయన తలుపు తీసి స్టీరింగు చూపించాడు. పెద్దాయన దానివైపు కాసేపు చూశాడు.

"వద్దబ్బా. ఒకరి కాలు తీసినాను. సాలు. నువ్వే నడుపు."

చుట్టూ తిరిగి పోయి ఎడమపక్క కూర్చుని, బడిపిల్లవాడిలాగా రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. నేను గేటు దగ్గర ఉన్నాను. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. మా ఆయన అద్దంలోంచి నన్ను చూశాడు. గేటు తీశాను.

శ్రీకాళహస్తి దాకా తిప్పుకొచ్చాడట. ప్రతి మలుపులోనూ పెద్దాయన కుడికాలు, అక్కడ ఏ పెడలూ లేకపోయినా, కింది రేకును తొక్కుతూనే ఉందని మా ఆయన ఆ తర్వాత ఎన్నోసార్లు చెప్పాడు. ఆ మాట చెప్పినప్పుడల్లా అంతటితో ఆపేవాడు. ఆ పెద్దాయన మళ్ళీ బండి నడపలేదు. కొడుకులు డ్రైవర్ని పెట్టారు, తర్వాత బండిని ఎవరికో ఇచ్చేశారు.

ఇప్పుడు ఆ పెద్దాయనా లేడు, మా ఆయనా లేడు. ఇప్పటి బండ్లలో ఏది తప్పు బిగించినా ముందే ఎర్ర దీపం వెలుగుతుంది, దాన్ని ఎవరూ అపశకునం అనరు. ఆడపిల్లలే షెడ్లలో ఇంజన్లు విప్పుతున్నారు, తప్పు కనిపిస్తే మొహం మీదే చెబుతున్నారు, ఎవరూ కళ్ళెర్ర చెయ్యడం లేదు. మంచిదే. నాకు మాత్రం ఆలస్యమైంది. పోయినేడు చంద్రగిరిలో ఒక పెళ్ళికి పోయినప్పుడు, ఇన్నాళ్ళకు చెప్పేద్దామని ఆ పల్లెకు పోయాను. తోటలు ప్లాట్లయ్యాయి. ఆ ఇంటి మనవడు మర్యాదగా కుర్చీ వేశాడు, నీళ్ళిచ్చాడు. మీ తాతకు బండంటే ప్రాణమని మొదలుపెట్టాను. మనవడు నవ్వాడు. "మా తాతకు నడపడం సరిగ్గా రాదంట గదవ్వా, మా నాయన జెప్పేవాడు, ఎవరిదో కాలిరగ్గొట్టినాడంట."

కాదని చెప్పాను. మొదట్నుంచీ అంతా చెప్పాను. ఆ మనవడు ఓపికగా విన్నాడు, మధ్యలో రెండుసార్లు ఫోను మోగితే కట్ చేశాడు. అంతా అయ్యాక, "పోనీలే అవ్వా, ఎప్పటిదో, ఇప్పుడెవరికి గుర్తుండాది," అని నన్ను బస్సు దాకా దిగబెట్టడానికి తాళాలు తీసుకున్నాడు.